సర్దిపెట్టిన కంప్యూటర్

కిందటి వారం మన భూతద్దాన్ని ల్యాబు మెట్ల మధ్యలో వదిలేశాం. భుజాన బరువైన సంచి, మొహాన అంతకంటే బరువైన చిరాకు. పైకి వెళ్ళేలోపు, దారిలో వచ్చి కలిసినవాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం.

భూతద్దం అన్నది ఆవిడకి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. దొంగలు దూరిన కంప్యూటర్లు, ఎవరో చెయ్యి పెట్టి కెలికిన కంప్యూటర్లు ఆవిడ దగ్గరికి వస్తాయి. లోపల ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో ఆరా తీసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఈసారి మాత్రం గొడవ ఇంట్లోంచే వచ్చింది. ఆవిడ ఆడపడుచు ఓ చిన్న రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తుంది. అత్తగారికి కంటి ఆపరేషన్ జరగాలి. షుగర్ ఎక్కువుందని అది ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి ఈ ల్యాబు నుంచి కంటాసుపత్రికి వెళ్ళిన రిపోర్టులో షుగర్ ఎంతో బుద్ధిగా ఉంది. అక్కడి నర్సు ఎందుకైనా మంచిదని పెద్దావిడ వేలు గుచ్చి చూసింది. వచ్చిన అంకె చూసి నర్సుకే కళ్ళు తిరిగాయి.

ఎవరో రిపోర్టు మార్చారు. మార్చింది ఆడపడుచు పేరు మీద తెరిచిన కంప్యూటర్‌లో. రోగి ఆ పిల్ల కన్నతల్లి. ఇంక అనుమానానికి కొదవేముంది? ఆ రోజు సెలవు పెట్టాను, అమ్మని చేర్పించడానికి ఆసుపత్రిలోనే ఉన్నాను అని ఆ పిల్ల నెత్తీనోరూ కొట్టుకుంది. అప్పుడప్పుడు ఇంటి నుంచి కూడా పని చేస్తావుగా, ఆసుపత్రిలో కూర్చుని మార్చలేవా అన్నారు డాక్టరు గారు. రేపు సోమవారం లోపు అసలు సంగతి తేలకపోతే ఉద్యోగం ఊడుతుంది. రోగి రిపోర్టు మార్చిందన్న పేరు పడ్డాక ఇంకే ల్యాబువాళ్ళూ ఆ పిల్లని గడప తొక్కనివ్వరు.

"వదినా, నువ్వే రావాలి," అని ఏడ్చింది. భూతద్దం బయల్దేరింది.

ఆదివారం మధ్యాహ్నం. ల్యాబులో రోగులు లేరు. స్పిరిట్ వాసన, ఓ మూల గుర్రుమంటున్న ఫ్రిజ్, గోడవారగా ఒకదానికొకటి బిగించిన ఇనప కుర్చీలు. ఆ కుర్చీల్లో చివరిదాని అంచున ఆడపడుచు ముడుచుకుని కూర్చునుంది. టైపు చేసే బల్ల దగ్గర డాక్టరు గారి బావమరిది నిలబడి ఉన్నాడు. ల్యాబు కంప్యూటర్ల మంచీచెడ్డా చూసేది అతనే. ఆ చదువు ఎక్కడ చదివాడని మాత్రం ఎవరూ అడక్కూడదు. అక్కగారి తమ్ముడు కావడమే అతని అర్హత.

అతని మొహం వెలిగిపోతోంది. అది చూడగానే భూతద్దానికి కీడు శంకించింది.

"రండి మేడమ్! మీరొస్తున్నారని అంతా సర్దిపెట్టాను."

"సర్దడమంటే?"

"లోపల అంతా అడ్డదిడ్డంగా ఉందండీ. మీలాంటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? అక్కర్లేని ఫైళ్ళు తీసేశాను. చెత్తబుట్ట ఖాళీ చేశాను. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంటే రెండుసార్లు నడిపాను. రిపోర్టులన్నీ ఏ ఏడాదివి ఆ ఏడాది ఫోల్డర్లో పెట్టాను. ఊరికే పెట్టలేదండోయ్, ఒక్కోటీ తెరిచి చూసి మరీ పెట్టాను."

భూతద్దం సంచి కింద పెట్టింది. పెట్టకపోతే ఎవరి నెత్తిన పడేదో చెప్పలేం.

"నేను ఫోన్లో ఏం చెప్పాను? కంప్యూటర్ ఎలా ఉందో అలాగే ఉంచమన్నానా లేదా?"

"అలాగే ఉంచానండీ! బల్ల మీంచి అంగుళం కూడా కదపలేదు."

"బాబూ," అంది భూతద్దం, గొంతు అదుపులో పెట్టుకుంటూ. "ఇంట్లో దొంగలు పడ్డారనుకో. పోలీసులు వస్తున్నారని ఇల్లంతా కడిగి, తుడిచి, బీరువా తలుపులకి పాలిష్ పెడతావా?"

"కీబోర్డు తుడిచానండీ. తెర కూడా," అన్నాడతను. కాస్త తగ్గాడు గానీ, మెప్పు వస్తుందన్న ఆశ ఇంకా చావలేదు.

భూతద్దానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ వృత్తిలోకి వచ్చినప్పటి నుంచీ ఆవిడకి దొంగల మీద కంటే ఇలాంటి మంచివాళ్ళ మీదే ఎక్కువ కోపం. దొంగ తన జాడ ఒక్కటే చెరుపుకుంటాడు. మంచివాళ్ళు అందరి జాడలూ చెరిపేస్తారు. ఇతనేమో ఒక్కో రిపోర్టూ తెరిచి చూసి, ప్రతిదాని మీదా తన చేతి గుర్తు వేసిపెట్టాడు. ఇప్పుడు ఆ కంప్యూటర్‌ని అడిగితే, ల్యాబు పుట్టినప్పటి నుంచీ ఉన్న రిపోర్టులన్నీ నిన్న మధ్యాహ్నం బావమరిది గారే చూశారని చెప్తుంది.

తిడుతూ కూర్చుంటే పొద్దుపోతుందని ఆవిడ పనిలో పడింది. కంప్యూటర్ లోంచి డిస్కు ఊడదీసింది. తను తెచ్చిన చిన్న డబ్బాకి తగిలించింది. ఆ డబ్బా డిస్కులో ఉన్నది చదవనిస్తుంది తప్ప కొత్తగా ఏమీ రాయనివ్వదు. తర్వాత తన ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ నడిపి డిస్కు మొత్తానికి నకలు తీయడం మొదలుపెట్టింది. అసలు జోలికి పోకుండా, వెతుకులాటంతా ఆ నకలులో చేస్తారు.

అప్పుడు తన గదిలోంచి డాక్టరు గారు వచ్చారు. పలచటి మనిషి, పలచటి ఓపిక.

"ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చాలా ఖరీదుంటాయట కదమ్మా. ఎంతైంది?"

"ఏమీ కాలేదండీ. ఉచితం."

ఆ ఒక్క మాటతో డాక్టరు గారి మొహంలో ఉన్న కాస్త గౌరవం కూడా దిగిపోయింది. భూతద్దం అది కళ్ళారా చూసింది. ఎన్ని మొహాల్లో చూడలేదు!

"ఉచితమంటే... ఎవరు పడితే వాళ్ళు దింపుకోవచ్చా?"

"దింపుకోవచ్చు. లోపల ఎలా రాశారో చదువుకోవచ్చు కూడా. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, అందరికీ కనపడేలా పెట్టారు. తప్పుంటే ఇంకోడు పట్టుకుని దిద్దుతాడు."

"అది కాదమ్మా. రేపు ఈ సంగతి పోలీసుల దాకా పోతే, ఊరికే దొరికినదాన్ని పట్టుకొచ్చి తేల్చామంటే నవ్వరూ? పైగా..." ఆయన ఇనప కుర్చీల వైపు చూసి గొంతు తగ్గించారు. తగ్గించినా ఆ గదిలో వినపడనివాళ్ళు లేరు. "పైగా మీరు ఆ అమ్మాయికి వదిన. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటుంది? అనుకుంది. కానీ ఆయన మాటలో తప్పు లేదని కూడా తోచింది. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

"నన్ను నమ్మొద్దండీ," అంది. "నన్ను నమ్మాల్సిన అవసరం లేకుండా చేస్తాను. ఈ నకలు రెండు తీస్తున్నాను. ఒకటి మీ బావమరిదికిస్తాను. ఇవే సాఫ్ట్‌వేర్లు ఆయన ల్యాప్‌టాప్‌లో పెట్టిస్తాను. నేను నడిపిందే ఆయనా నడుపుతాడు. నాకు కనపడింది ఆయనకి కనపడకపోయినా, ఆయనకి కనపడింది నేను దాచినా, మీరే చూస్తారు. డబ్బు పోసి కొన్నదైతే ఇలా పంచిపెట్టడానికి ఒప్పుకోరు. ఇది ఊరికే వచ్చేది కాబట్టే మీ చేతికి ఇవ్వగలుగుతున్నాను."

డాక్టరు గారు తలూపారు. బావమరిది మొహం మళ్ళీ వెలిగింది. అతని ల్యాప్‌టాప్ మాత్రం ఎంతకీ వెలగలేదు. ఇటుకంత లావుంది, రోకలంత బరువుంది, లేవడానికి ఓ పూట పట్టేలా మూలిగింది.

"అది నొక్కండి. అది కాదు, దాని పక్కది. పక్కదంటే కుడి పక్క. నొక్కి వదిలెయ్యండి. వదిలెయ్యమన్నానా? రెండోసారి నొక్కొద్దు. మళ్ళీ నొక్కారా!"

ఇలా ఒక యుగం గడిచింది. భూతద్దం జీవితంలో అంత ఓర్పు పెళ్ళిచూపుల్లో కూడా చూపలేదు. చివరికి రెండు నకళ్ళూ తయారయ్యాయి. ఒక్కో నకలుకీ సాఫ్ట్‌వేర్ ఒక పొడుగాటి అంకె కట్టి ఇచ్చింది. లోపల ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ అంకె మారిపోతుంది. రెండూ ఒకటేనని బావమరిది చేతే పైకి చదివించింది. డాక్టరు గారు వేలు పెట్టి మరీ పోల్చుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ చెరో బల్ల దగ్గర కూర్చుని వెతుకులాట మొదలుపెట్టారు.

సర్దుడు పుణ్యమా అని చాలా పోయింది. ఫైళ్ళు ఎవరు తెరిచారన్నది అంతా బావమరిదిమయం. అయినా కంప్యూటర్‌కి ఒక అలవాటుంది. తనలోకి ఎవరు ఏ దారిన వచ్చారో, తనకి ఏమేం తగిలించారో లోపల ఒక మూల తనకోసం తను రాసుకుంటుంది. ఆ మూల ఒకటుందని సర్దేవాళ్ళకి తెలియదు. తెలిస్తే అదీ తుడిచి ఉండేవాళ్ళు.

భూతద్దం ముందు బయటి నుంచి వచ్చిన దారులు చూసింది. రిపోర్టు మారిన రోజున బయటి నుంచి ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ కంప్యూటర్‌లోకి రాలేదు. రిపోర్టు మార్చినవాళ్ళెవరో ఈ గదికి వచ్చి, ఈ బల్ల ముందు కూర్చునే మార్చారు. ఆడపడుచు ఆ రోజంతా ఆసుపత్రిలో ఉంది. సాక్ష్యానికి అక్కడ డాక్టర్లున్నారు, నర్సులున్నారు, పెట్టిన సంతకాలున్నాయి.

భూతద్దం గుండె తేలికపడింది. పిల్ల బయటపడింది! పిలిచి చెబుదామని నోరు తెరిచింది కూడా.

అంతలో తెర మీద ఇంకో వరస వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఈ కంప్యూటర్‌కి ఒక పెన్‌డ్రైవ్ తగిలించారు. ఆ తర్వాత కాసేపటికే అత్తగారి రిపోర్టు మారింది. పెన్‌డ్రైవ్ పేరు "ముట్టుకోవద్దు".

తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

ఆ పేరు పెట్టింది తనే. ఇంట్లో ఎవరూ తన సామాను తీసుకోకూడదని అలా పెట్టుకుంది. ఆ పేరు చూసి ఆగినవాళ్ళు ఆ ఇంట్లో ఇంతవరకు లేరు. ఆ రోజు పొద్దున ఏదో ప్రింటర్ తాలూకు ఫైళ్ళు వేసుకోవాలని దాన్ని అడిగి తీసుకెళ్ళింది ఆవిడ మొగుడు. ఆయన ప్రింటర్ల మెకానిక్. ఈ ల్యాబు ప్రింటర్ మొరాయించినా ఆయన్నే పిలుస్తారు. చేతిసంచితో ఆయన లోపలికి వస్తే ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఎప్పుడూ వచ్చే మనిషే కదా.

గొడవ మొదలయ్యాక ఆవిడ ఆయన్ని ఒకసారి అడిగింది, ఆ వారం ల్యాబుకి గానీ వెళ్ళావా అని. "ఆ వైపుకే పోలేదు," అన్నాడు చేతులు కడుక్కుంటూ. ఇటు తిరగలేదు. సబ్బు మాత్రం చాలాసేపు రుద్దుకున్నాడు. జనం కంప్యూటర్లలో దాచినవన్నీ బయటికి లాగే మనిషికి, కట్టుకున్నవాడి వీపు చూస్తే ఏమీ తెలియలేదు.

"వదినా," అని వెనక నుంచి సన్నగా వినపడింది.

ఆడపడుచు ఎప్పుడు లేచి వచ్చిందో, ఆవిడ భుజం మీదుగా తెర వైపు చూస్తోంది. ఆ పేరు ఆ పిల్లకీ తెలుసు. కానీ ఆ పిల్ల మొహంలో ఆశ్చర్యం లేదు. భయం ఒక్కటే ఉంది.

భూతద్దం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కనున్న రక్తం తీసే గదిలోకి లాక్కెళ్ళింది. తలుపు దగ్గరికి వేసింది.

"నీకు ముందే తెలుసా?"

ఆడపడుచు తలుపు వైపు చూసింది.

"తెలుసా అని అడుగుతున్నాను!"

"అన్నయ్యే చెప్పాడు వదినా. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక. ఈసారి కూడా వాయిదా పడితే ఇంక ఆపరేషనే వద్దు, గుడ్డిదాన్నై పడుంటానని అమ్మ అన్నం మానేసింది కదా. చూడలేకపోయాడు. ప్రింటర్ చూడ్డానికి వచ్చినప్పుడు ఆ రిపోర్టు ఎదురుగా కనపడిందట. నా పాస్‌వర్డ్ అమ్మ పేరే. ఇంట్లో ఎవరికి తెలియదు?"

"ఇంత తెలిసి నన్నెందుకు పిలిచావే?"

ఆ పిల్ల తల దించుకుంది.

"డాక్టరు గారు వేరేవాళ్ళని పిలుస్తానన్నారు. వాళ్ళ దగ్గర లక్షలు పోసి కొన్న మిషన్లుంటాయట. నీవి అన్నీ... ఊరికే వచ్చేవి కదా వదినా. నిన్ను పిలిచాక డాక్టరు గారి బావమరిది కంప్యూటరంతా సర్దేశాడు కూడా. నీకేం దొరుకుతుందిలే అనుకున్నాను. ఏమీ దొరకలేదని నువ్వు రాసిస్తే నా ఉద్యోగం నాకుంటుంది, అన్నయ్య పేరు బయటికి రాదు."

భూతద్దానికి ఒక్క క్షణం ఏం వినపడిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో, ఏడవాలో, ఆ పిల్ల చెంప పగలగొట్టాలో తెలియలేదు. డాక్టరు గారు లోకువ కట్టారంటే సరే, పరాయి మనిషి. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటూ, తన పని చూస్తూ, అది చేతకాని పనే అవుతుందన్న నమ్మకంతో పిలిచిందట! మొగుడి అబద్ధం కంటే ఆ మాటే ముందు గుచ్చుకుంది. అందుకు ఆవిడకి సిగ్గు కూడా వేసింది.

"ఏమీ లేదని చెప్పెయ్ వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎలా చెప్పను? అదే నకలు అవతల ఆయన నడుపుతున్నాడు. నా చేతులతో నేనే ఇచ్చాను. ఇంకాసేపట్లో ఆ పేరు ఆయన తెర మీదా వస్తుంది."

"అయితే నేనే మార్చానని రాసెయ్."

"నువ్వా రోజు ఆసుపత్రిలో ఉన్నావు. చేయనిదాన్ని చేశానని ఎలా రాస్తాను? రాస్తే ఇంక ఈ ఊళ్ళో నీకు పనెవరిస్తారు?"

"ఇవ్వకపోతే పోనీ. అన్నయ్యని ఎవరైనా పట్టుకెళ్తే అమ్మ బతకదు."

"అమ్మ బతకడం సంగతి ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు?" గొంతు పెరిగిందని తెలిసి తగ్గించుకుంది. "ఆ నర్సు వేలు గుచ్చి చూడకపోతే, అంత షుగర్‌తో కోసేవాళ్ళు. కన్ను కుళ్ళి పోయేది. అప్పుడు ఎవరు రాసేవాళ్ళు, ఏమని రాసేవాళ్ళు? మీ అన్నయ్య చేసింది అమ్మ మీద ప్రేమే. కాదన్నానా? అవతల ఆ మహానుభావుడు కంప్యూటర్‌కి చేసిందీ ప్రేమే. అందరూ ప్రేమగా కొంపలు ముంచేవాళ్ళే!"

ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. భూతద్దానికి జాలేసింది. దగ్గరికి తీసుకోవాలని చెయ్యి లేచింది గానీ, కోపం ఆ చేతిని పట్టి ఆపింది. ఆవిడకి అందరి మీదా కోపంగా ఉంది. అన్నం మానేసిన అత్తగారి మీద, సబ్బు రుద్దుకుంటూ అబద్ధమాడిన మొగుడి మీద, వాణ్ణి కాపాడటానికి తనని వాడుకున్న ఈ పిల్ల మీద. వాటన్నిటి అడుగున భయం కూడా ఉంది. రేపటి నుంచి ఆ ఇంట్లో ఎవరి మొహం ఎవరు చూస్తారు?

"మేడమ్!" బావమరిది గొంతు ఉత్సాహంగా మోగింది. "నాది కూడా అయిపోయిందండీ! త్వరగా రండి!"

ఇద్దరూ బయటికి వచ్చారు. అతను తెర వైపు వేలు చూపిస్తూ నవ్వాపుకోలేకపోతున్నాడు.

"ఆ రోజు ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టారండీ. పేరు చూడండి, 'ముట్టుకోవద్దు' అట! ఎవడు పెట్టాడో గానీ మంచి సరదా మనిషే!"

డాక్టరు గారు నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకుని ఆ వరస రెండుసార్లు చదివారు.

"రిపోర్టు మారక ముందే పెట్టారన్నమాట. ఎవరిదమ్మా ఇది? కనుక్కోవడం కుదురుతుందా?"

కుదరదని చెప్పవచ్చు. పేరుని బట్టి మనిషిని చెప్పలేమనవచ్చు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. ఆయన నమ్ముతారు. ఇంతసేపటికి ఆయన కళ్ళలో ఆ నమ్మకం వచ్చింది. ఉచిత సాఫ్ట్‌వేర్ మీద, ఆవిడ మీద కూడా. చేతిలో పెట్టి మరీ చూపించినందుకు వచ్చింది. ఆడపడుచు వేళ్ళు వెనక నుంచి ఆవిడ మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి.

భూతద్దం ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడిపించుకుంది.

"నాదండీ," అంది.

బావమరిది నవ్వు సగంలో ఆగిపోయింది.

"మీదా? మీరు ఆ రోజు ఇక్కడికి వచ్చారా?"

"నేను రాలేదు. ఆ రోజు అది మా ఆయన దగ్గరుంది. మీ ప్రింటర్ చూసే మెకానిక్ మా ఆయనే. ఆయన్ని అడగండి. ఈ అమ్మాయి ఈ కంప్యూటర్ జోలికి రాలేదు, బయటి నుంచి కూడా తెరవలేదు. అంతవరకు ఇప్పుడే రాసి సంతకం పెడతాను."

డాక్టరు గారు బల్ల మీది తెల్లకాగితం తీసి, పెన్నుతో సహా ఆవిడ ముందుకు జరిపారు. ఆవిడ రాయడం మొదలుపెట్టింది. రాయడం అయ్యాక ఆయన చదువుకుని, ఆడపడుచు వైపు తిరిగి మెల్లగా అన్నారు.

"రేపటి నుంచి నువ్వు పనిలోకి రా అమ్మా. అనవసరంగా అనుమానించాను."

ఉద్యోగం నిలబడ్డ ఆ పిల్ల ఆయన వైపు చూడనే లేదు. కన్నీళ్ళు తుడుచుకోకుండా, ఆ కాగితం మీది సంతకం వైపు చూస్తూ అడిగింది.

"ఇంక నువ్వు ఇంటికి ఎలా వస్తావు వదినా?"